ఖాళీ కుండ, గుడ్డి చిలుక

రఘునాథ్ అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, ఆర్పి, "నేను కాదు" అన్న రోజే వేణుగోపాల్ తీర్మానించుకున్నాడు, వీణ్ణి ఊరికే వదలకూడదని. మామూలు అబద్ధమైతే మనిషి సర్దుకోవచ్చు. కర్పూరం ఆర్పి ఆడిన అబద్ధాన్ని మింగేంత మంచివాడు మాత్రం వేణు కాడు. కాడని ఎవరో చెప్పక్కర్లేదు, తనే చెప్పుకునేవాడు.

ధర్మవరంలో వాళ్లది ఒంటి మగ్గం ఇల్లు. నాయన పోయినాక వేణూ, వాళ్లమ్మ ఈశ్వరీ కలిసి దాన్ని నడుపుతున్నారు. పట్టు ఇచ్చేదీ, నేసిన చీర తీసుకునేదీ షావుకారు నాగభూషణం. మగ్గం నెత్తిన కూర్చుని, అట్టల్లో కొట్టిన రంధ్రాల ప్రకారం అంచులో పువ్వుల్నీ పిట్టల్నీ లేపే జకార్డు పెట్టె కూడా ఆయనదే.

నిరుడు వేణు మూడు నెలలు కూర్చుని, గ్రాఫ్ కాయితం మీద గడి గడీ నింపి ఒక అంచు గీశాడు. దానిమ్మ కొమ్మ మీద చిలుక. తల వెనక్కి తిప్పి తన తోకను తానే చూసుకుని మురిసిపోయే చిలుక. గీయడం అయిన సాయంత్రం వేణు కూడా ఆ చిలుక మాదిరే మురిసిపోయి, కాయితాన్ని ఫొటో తీసి, తనూ ఇద్దరు స్నేహితులూ ఉండే గ్రూపులో పెట్టాడు. పొద్దున లేచి చూసుకుంటే చిలుకకు కన్ను లేదు. ఆ ఒక్క గడి నింపడం మరిచిపోయాడు. సిగ్గేసి ఫొటో తీసేశాడు, కాయితం మీద కన్ను పెట్టాడు, అట్టలు కొట్టించాడు. ఈశ్వరి నేసిన మొదటి చీర చూసి నాగభూషణం అంతటివాడే ముక్కున వేలేసుకున్నాడు.

నెల తిరక్కముందే ఆ చిలుక మరమగ్గాల మీదికి దిగింది. చవక దారం, చవక రంగు, అంగడంగడికీ వేలాడింది. చూస్తే ప్రతి చిలుకా గుడ్డిదే.

వేణు అట్లాంటి చీరొకటి పట్టుకుని షావుకారు ఇంటికి పరిగెత్తాడు. "చూడన్నా, దీనికి కన్ను లేదు. మా చీర చూసి కొట్టింది కాదిది. నా కాయితం చూసి కొట్టింది" అన్నాడు. గొప్ప సాక్ష్యం పట్టుకొచ్చాననుకున్నాడు.

నాగభూషణం తాపీగా కళ్లజోడు సర్దుకున్నాడు. "కాయితం ఉండేది మీ ఇంట్లోనే కదప్పా. అట్లయితే ఇచ్చింది నువ్వే" అన్నాడు.

సాక్ష్యం తన మెడకే చుట్టుకుంది. ఫొటో సంగతి చెబితే, "సరే, ఆ ఇద్దర్నీ అడుగుదాం" అన్నాడు షావుకారు. ఇద్దరిలో డేవిడ్‌ది పెనుకొండ. కారు సామాన్ల ఫ్యాక్టరీలో పని, పట్టుకూ గోనెకూ తేడా తెలియని మనిషి. రఘునాథ్‌ది హిందూపురం. సరిగ్గా ఆ నెలలోనే అతనికి అక్కడొక మరమగ్గాల షెడ్డులో డిజైన్ల సూపర్‌వైజరు ఉద్యోగం దొరికింది. ఇంకేం చెప్పాలి?

పిలిస్తే రఘునాథ్ దర్జాగా వచ్చాడు. ఈశ్వరి పెట్టిన సంగటీ, చెనిక్కాయల ఊరిబిండీ రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, నాగభూషణం ఇంటి దేవుడి గదిలో ఆ చేతిలోనే కర్పూరం ఆర్పాడు. చెయ్యి వణకలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి వేణు విన్నాడు గానీ చూడ్డం అదే మొదలు.

ప్రమాణం అయ్యాక ఇక అడిగేదేముంది? నాగభూషణం పట్టు ఆపేశాడు. మూడు నెలలుగా మగ్గం బోసిపోయి ఉంది. సొంత మగ్గమున్న ఈశ్వరి పరాయి ఇళ్లకు దారాలు అతకడానికి పోతోంది. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు, "చిలకను అమ్ముకున్న కొడుకు" అని గుసగుసలాడుతుంటే వినీ విననట్టు బిందె ఎత్తుకుని వస్తోంది. వచ్చే ఆదివారం జకార్డు పెట్టె విప్పి తీసుకుపోతామని షావుకారు కబురు పంపాడు. పెట్టె పోతే ఇక ఆ ఇంట్లో మగ్గం లేనట్టే, ఆ మచ్చ ఎన్నటికీ పోనట్టే.

ఇక కుండ సంగతి. ముగ్గురూ హిందూపురంలో ఒకే గదిలో ఉండి డిప్లొమా చదివారు. అప్పటినుంచీ ఆడే కంప్యూటర్ ఆట ఒకటుంది. ఒకే తాడు కట్టుకున్న ముగ్గురు మనుషులు నలభై అంతస్తుల కొండకోట ఎక్కాలి. ఒకరు జారితే మిగతా ఇద్దరూ తాడు బిగబట్టాలి, అంతే ఆట. కోట మొదటి గడప దగ్గర ఒక మట్టికుండ ఉంటుంది. దానితో పనేమీ లేదు, ఊరికే అలంకారానికి పెట్టారు. ఒకరోజు డేవిడ్ దాన్ని నెత్తికెత్తుకుని, "దీన్ని పగలకుండా పైదాకా తీసకపోతే ఎట్లుంటాది?" అన్నాడు.

"తీసకపోతే ఏమొస్తాది?" అన్నాడు రఘునాథ్.

"ఏమీ రాదు."

ఆ ఏమీ రాకపోవడమే వాళ్లకు పిచ్చెక్కించింది. కుండ పగిలితే మళ్లీ మొదటి గడప నుంచి ఎక్కాలని వాళ్లకు వాళ్లే నియమం పెట్టుకున్నారు. ఎనిమిది నెలలు, ప్రతి ఆదివారం, డేవిడ్ చర్చి నుంచి వచ్చిన మరుక్షణం మొదలు. కుండ మోసేది ఎప్పుడూ డేవిడే, అతనంత నిదానస్థుడు ఇంకొకడు లేడు. రఘునాథ్ ఆటను తన ఛానల్‌లో లైవ్ పెట్టేవాడు. కర్పూరం సంగతి జరిగాక కూడా వేణు ఆట మానలేదు. నవ్వేచోట నవ్వాడు, "రేయ్" అనేచోట "రేయ్" అన్నాడు. లోపల నివురుగప్పిన నిప్పు.

ఆ మధ్య ముప్పై మూడో అంతస్తులో కుండ పగిలింది. కర్పూరం ఆర్పినప్పుడు చెయ్యి వణకని రఘునాథ్ ఆ రోజు నిజంగా ఏడ్చాడు. రెండు పూటలు అన్నం తినలేదని వాళ్లమ్మ జయమ్మ ఫోన్ చేసి, "ఏం కుండప్పా అది?" అని వేణునే అడిగింది. వేణుకు అప్పుడు తెలిసింది, దెబ్బ యాడ కొట్టాలో.

ఆదివారం వచ్చింది. "మనుషుల్ని పంపొద్దు, నువ్వే వచ్చి విప్పించుకో అన్నా" అని వేణు నాగభూషణానికి ముందే చెప్పివచ్చాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, చీర చుట్టే దోనె మీద పాత లాప్‌టాప్ పెట్టి, మిట్టమధ్యాహ్నం ఆట మొదలుపెట్టాడు. ఆ రోజు వేణు ఆడినట్టు ఎవరూ ఆడి ఉండరు. పదకొండో అంతస్తులో డేవిడ్ జారితే తాను గోడకు కరుచుకుని ఆపాడు. ఇరవై ఎనిమిదిలో దొర్లివస్తున్న బండకు తానే అడ్డం పోయాడు. ఆ కుండ ఈరోజు పైదాకా చేరాలని ముగ్గురిలో అందరికంటే ఎక్కువ కోరుకున్నవాడు దాన్ని పగలగొట్టాలనుకున్నవాడే. మధ్యలో పగిలితే తన బతుకు కూడా మధ్యలోనే పగిలినట్టు.

నాలుగు దాటాక నాగభూషణం వచ్చాడు. వెంట పానా సంచితో సుంకన్న అనే పనివాడు. ఈశ్వరి కుర్చీ వేసి టీ ఇచ్చింది. "ఒక్క గడియ ఉండన్నా, వాడు లేస్తాడు" అంది.

"ఏందప్పా ఇది?" అన్నాడు షావుకారు తెర వైపు చూసి.

వేణు మైకు నొక్కి ఆపి చెప్పాడు. "కుండను కోట పైకి తీసకపోతాండాము."

"తీసకపోతే ఏమొస్తాది?"

"ఏమీ రాదన్నా."

"ఏమీ రాకుంటే ఏంటికి?" అని నాగభూషణం వెటకారంగా నవ్వాడు. ముప్పై ఆరో అంతస్తుకు కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. ముప్పై ఎనిమిదిలో కుండ ఊగితే, "ఓరి ఓరి, భద్రమప్పా!" అని చేతిలో టీ ఒలకబోసుకున్నాడు. సుంకన్న సంచి కింద పెట్టేసి గుంట అంచున గొంతుక్కూర్చున్నాడు.

నలభయ్యో అంతస్తు గోడ కింద రఘునాథ్ గొంతు లాప్‌టాప్‌లోంచి ఖంగుమంది. "డేవిడ్, కుండ ఇట్లియ్. చివరిది నేను మోస్తా. లైవ్‌లో జనం చూస్తాండారు."

డేవిడ్ కుండతో రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత, "సరేలేబ్బా" అని ఇచ్చేశాడు.

వేణు ముందు ఎక్కాడు, తర్వాత డేవిడ్. ఇద్దరూ కోట పైన నిలబడ్డారు. రెండు చేతులా కుండ పట్టుకున్న రఘునాథ్ గోడ పట్టుకోలేడు, తాడుకు వేలాడుతున్నాడు. పైకి ముందు చేరినవాడిదే తాడు లాగే మీట, అది వేణు బొటనవేలి కింద ఉంది. మీట వదిలితే తాడు వదిలినట్టే. ఏళ్ల తరబడి పోగుల మధ్య లాకను అటూ ఇటూ తోసిన చెయ్యి అది, అంత తొందరగా నొప్పి పుట్టదు.

"లాగురా" అన్నాడు రఘునాథ్.

వేణు మైకు మళ్లీ తెరిచాడు. "లాగుతా. ముందు నా చిలుకను షెడ్డుకు ఇచ్చింది ఎవరో చెప్పు."

"ఏందిరా ఈ టైంలో? గమ్మున లాగప్పా."

"చెప్పు. లేకుంటే వదిలేస్తా."

తెర పక్కన లైవ్ చూసేవాళ్లు రాసే మాటలు బొలబొల రాలుతున్నాయి. ఏం చిలుక, చెప్పన్నా, కుండ పోతాది. డేవిడ్ మెల్లగా, "రఘూ, నిజమేనా?" అన్నాడు.

రఘునాథ్ మాట మార్చాలని చూశాడు. ఒకసారి నవ్వాడు, ఒకసారి తిట్టాడు. వేణు వేలు కొంచెం సడలించాడు. తాడు ఒక మూర కిందికి జారింది.

"నేనే! నేనే ఇచ్చినా!" అని అరిచాడు రఘునాథ్. "గ్రూపులో నువ్వు పెట్టిన రాత్రే ఫొటో దాచిపెట్టుకున్నా. పొద్దున్నే నువ్వు తీసేసినావు. దానికి కన్ను లేదని కూడా నాకు తెలీదు, తెలిస్తే పెట్టుకునేవాణ్ణి కదా! ఉద్యోగం కావాలంటే కొత్త డిజైను తీసకరా అన్నాడు మా ఓనరు. చాలా? లాగు!"

ఉద్యోగం కోసం దేవుడి ముందు అబద్ధమాడినవాడు, కుండ కోసం జనం ముందు నిజం చెప్పాడు. రఘునాథ్‌కు రెండూ ఒకటే. చేతికి ఏది కావాలో దాని కోసం నోటికొచ్చింది విసిరేయడమే.

నాగభూషణం లేచి మైకు దగ్గరికి వంగాడు. "రఘునాథప్పా, నేను నాగభూషణాన్ని. ఆ రోజు కర్పూరం నా చేత్తోనే ఇచ్చినా నీకు" అన్నాడు. షావుకారు సుంకన్న వైపు తిరిగాడు. "పానా సంచిలో పెట్టు. రేప్పొద్దున పట్టు పంపించు ఈ ఇంటికి." ఈశ్వరి ముఖం చూడలేక నేల చూస్తూ, "తప్పయిందమ్మా" అన్నాడు.

వేణు కళ్లు మసకబారాయి. వేలు మాత్రం మీట మీదే ఉంది.

"చెప్పినా కదరా వేణూ, లాగురా" అని రఘునాథ్ బతిమాలాడు. "ఎనిమిది నెలలురా..."

"లాగేయప్పా, పాపం, కుండ ఏం చేసింది" అన్నాడు నాగభూషణం కూడా.

ఈశ్వరి వంటింటి గడపలో నిలబడి ఉంది. మూడు నెలలుగా ఎవరి మీదా గొంతెత్తని మనిషి. "నా చేతి సంగటి తిని, అదే చేత్తో కర్పూరం ఆర్పినాడు. పగలగొట్టు" అంది.

వేణు వేలెత్తాడు.

కుండ నలభై అంతస్తులూ దాటుకుంటూ పోయి మొదటి గడప దగ్గర పడింది. ఎక్కడో దూరంగా చిన్న చప్పుడు. రఘునాథ్ పెట్టిన కేక మాత్రం చిన్నది కాదు. వేణుకు కడుపులో చల్లగా అనిపించింది. ఇంత హాయి ఉంటుందని తెలిస్తే ముందే చేసి ఉండేవాణ్ణి కదా అనిపించింది. గట్టిగా నవ్వాడు. రఘునాథ్ గొంతు ఆగిపోయాక కూడా నవ్వుతూనే ఉన్నాడు.

"వేణూ" అన్నాడు డేవిడ్. డేవిడ్ ఇంకా ఉన్నాడన్న సంగతే వేణు మరిచాడు.

"వాడికి అయ్యేది అయింది, మంచిదే. కానీ ముప్పై తొమ్మిది అంతస్తులు దాన్ని మోసింది నేను కదబ్బా" అన్నాడు డేవిడ్. గొంతులో కోపం లేదు. "ఎత్తుకుందాం అన్నదీ నేనే. వాడు చేతిలోకి తీసుకున్నంత మాత్రాన వాడిదైపోయిందా?"

వేణు నోరు తెరిచేలోపు తెర మీద డేవిడ్ పేరు ఆరిపోయింది.

సోమవారం పట్టు వచ్చింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఈశ్వరికి తామే పక్కకు జరిగి చోటిచ్చారు. రఘునాథ్ మాటల ముక్క ఊళ్లో ప్రతి ఫోన్‌లోనూ తిరిగింది. అతను ఛానల్ మూసేశాడని విని వేణు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. దాని గురించి అతనికి ఇప్పటికీ విచారం లేదు. మళ్లీ అవకాశమొస్తే మళ్లీ వేలెత్తుతాడు.

ఆదివారం మధ్యాహ్నం మగ్గం దిగి లాప్‌టాప్ తెరిచాడు. మొదటి గడప దగ్గర కుండ మళ్లీ కొత్తగా కూర్చుని ఉంది. దాన్ని నెత్తికెత్తుకుని నిలబడ్డాడు. చర్చి వదిలే వేళ దాటింది. గంటసేపు ఎదురుచూసి డేవిడ్‌కు ఫోన్ చేశాడు.

"ఈరోజు షిఫ్టు ఉండాది వేణూ" అన్నాడు డేవిడ్.

ఫోన్‌లో డేవిడ్ వెనకాల వాళ్ల ఇంటి కోళ్లు వినబడుతున్నాయి. డేవిడ్ ఆదివారం షిఫ్టుకు ఎన్నడూ పోడని వేణుకు తెలుసు. "సరేలేబ్బా" అన్నాడు. నిజమేనా అని అడగలేదు.