రేకు మీద ఇసుక చప్పుడు

నేను ఒక చిన్న గ్రామఫోను రికార్డును. ఏడంగుళాల వెడల్పు, నల్లటి ఒళ్లు, మధ్యలో ఎర్రటి కాగితం, పక్కకి రెండు చొప్పున నాలుగు సినిమా పాటలు. నన్నెవరైనా రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకుంటే నాకు ముందు అనుమానమే కలుగుతుంది. నిర్లక్ష్యంగా వాడినవాళ్లు చేసిన గాయాలు పైకి కనిపిస్తాయి. ప్రేమగా చూసుకున్నవాళ్లు చేసినవి కనిపించవు. తొందరపడి అంటున్నానని మీకనిపిస్తే, మొత్తం విన్నాక అప్పుడనుకోండి.

నాలో ఉన్న పాటలు మద్రాసులో పుట్టాయి. వాటికి వరసలు కట్టినవాడు ముక్తేశ్వర్. ఆ పేరు చెబితే దండం పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాటిని యంత్రంలోకి పట్టినవాడు వైకుంఠం. ఆ పేరు చెబితే ఎవరాయన అంటారు. ఆయన సౌండు రికార్డిస్టు. అద్దాల గదిలో చెవులకి డిప్పలు తగిలించుకుని కూర్చుని, వయొలిన్లవాళ్లని రెండడుగులు వెనక్కి జరిపించి, వేణువు వాయించే ఆయన కుర్చీ కిర్రుమంటోందని దాని కాళ్ల కింద తువ్వాలు మడిచి పెట్టించి, గాయని ఊపిరి పీల్చుకున్న చోటు కూడా పోకుండా పట్టాడు. ఇదంతా నేను చూసింది కాదు. నా గాడిలో ఉంది కనుక చెబుతున్నాను.

తర్వాత ఎక్కడో ఉత్తరాన ఒక ఫ్యాక్టరీలో, రెండు వేడి పలకల మధ్య నల్లటి ముద్దని పెట్టి నొక్కితే నేను వచ్చాను. నా వెనకే, అదే అచ్చులోంచి, ఇంకా పొగలు పోతుండగా నా చెల్లెలు వచ్చింది. కాసేపు ఒకదాని మీద ఒకటి పడుకున్నాం. ఆ తర్వాత ఒక చెయ్యి వచ్చి నన్నొక పెట్టెలోనూ దాన్నొక పెట్టెలోనూ పెట్టింది. ఆ చెయ్యి ఏం చూసి అలా విడదీసిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఏమీ చూసి ఉండదు.

నన్ను మొదట కొన్నది సామర్లకోట స్టేషను మాస్టరుగారి భార్య కనకవల్లి. వంటయ్యాక చేతులు తుడుచుకుని గాని నన్ను ముట్టుకునేది కాదు. ఎనిమిదేళ్లు అలా జరిగింది. ఆ తర్వాత వాళ్లకి బదిలీ అయింది. సామాను సర్దే హడావిడిలో ట్రంకుపెట్టె అంచు తగిలి నా మొదటి పక్కన, రెండో పాట మీద గీత పడింది. ఆమె నన్ను పక్కింటి భానోజీరావు చేతిలో పెట్టి, "మళ్లీ వచ్చి తీసుకుంటానండి, జాగ్రత్త" అంది. మనుషులు ఈ మాట అన్నప్పుడల్లా నేను వాళ్ల కాళ్ల వైపు చూస్తాను. ఆమె కాళ్లు అప్పటికే గుమ్మం దాటి ఉన్నాయి. తిరిగి రాలేదు.

భానోజీరావు రోజూ రైల్లో వెళ్లొచ్చే కాకినాడ పోర్టు ఆఫీసు గుమస్తా. ముక్తేశ్వర్ అంటే ఆయనకి దేవుడు. గీత దగ్గర ముల్లు గెంతి పాట తెగిపోతుంటే తట్టుకోలేకపోయాడు. ముల్లుండే చెయ్యి మీద ఒక అర్ధరూపాయి బిళ్ల పెట్టాడు. ఆ బరువుకి ముల్లు గెంతడం మానేసింది. ఆయన సంబరపడిపోయాడు. గీత లేని పాటలకి కూడా బిళ్ల పెట్టడం మొదలుపెట్టాడు, బరువుంటే పాట గట్టిగా పట్టుకుంటుందని. ఆ బరువు కింద ముల్లు నా గాడి గోడల్ని కొంచెం కొంచెంగా చెక్కుకుంటూ పోయింది. ముందు గాయని ఊపిరి పోయింది. తర్వాత వయొలిన్ల తడి పోయింది. నేను అరవాలనుకున్నాను. నాలో చెక్కింది తప్ప నేను ఇంకేమీ అనలేను.

ఉద్యోగం నుంచి దిగాక ఆయన కాకినాడలో, తన ఇంటి ముందుగదిలో, ముక్తేశ్వర్ గానసభ పెట్టాడు. తొమ్మిదిమంది సభ్యులు. నెలలో ఆఖరి ఆదివారం సాయంత్రం నాలుగింటికి కూడేవారు. మాట్లాడకూడదు, కాళ్లు చాపకూడదు, పాట వస్తున్నంతసేపూ అందరూ కళ్లు మూసుకోవాలి. ఆ నియమాన్ని మహాభక్తిగా పాటించేవారు. అందువల్ల భానోజీరావు చేతులు ఏం చేస్తున్నాయో అన్నేళ్లలో ఒక్కరూ చూడలేదు.

ముక్తేశ్వర్ శతజయంతికి సభవాళ్లు ఒక ప్రత్యేక సంచిక వెయ్యాలనుకున్నారు. ఆ సంచికలోనే చిక్కు వచ్చింది. మెయిన్ రోడ్డులో రేడియోలు బాగుచేసే అప్పలస్వామి తను రాసిన వ్యాసం చదివాడు. "పాట బంగారం. చప్పుడు మాత్రం రేకు మీద ఇసుక పోసినట్టు ఉంది" అని అందులో ఒక వాక్యం.

సభంతా భగ్గుమంది.

"ఏంటయ్యా నువ్వనేది?" అన్నాడు బీమా ఏజెంటు పెంటయ్యనాయుడు. "రేడియోలు విప్పుకునేవోడివి, ముక్తేశ్వర్ గారికి వంకలు పెడతావా?"

"రేడియోలు విప్పుతాను కాబట్టే చెవులు పనిచేత్తన్నాయండి. మీలాగ చనిపోయాక వచ్చే డబ్బుల గురించి చెప్పుకు తిరగట్లేదు కదండీ."

"ఎవరు రాయించేరు నీచేత? రాజమండ్రోళ్లేనా?" రాజమండ్రిలో ఇంకో సంగీత దర్శకుడి అభిమానుల సంఘం ఉంది. ఆ మాటతో ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారు. పోయిన నెల రాజమండ్రి ఎవరు వెళ్లొచ్చారు, పెళ్లికని చెప్పి వెళ్లింది నిజంగా పెళ్లికేనా, ఇదంతా బయటికి వచ్చింది. అరగంటసేపు పాట సంగతి ఎవరికీ గుర్తులేదు.

చివరికి భానోజీరావు చెయ్యెత్తాడు. ఆ చప్పుడు ఆయనకీ వినిపిస్తూనే ఉందని నాకు తెలుసు. చాలా ఏళ్లుగా వినిపిస్తోంది, ఒప్పుకోలేదు.

"ధ్వని బాలేదన్నది నిజవే అనుకుందారి. అది ముక్తేశ్వర్ గారి తప్పెలాగవుద్దండీ? ఆయన వరస కట్టేరు. పట్టినోడు వేరే కదా." నా అట్ట కవరు తిప్పి, కింద చిన్న అక్షరాలు వెతికి చదివాడు. "రికార్డింగు, వైకుంఠం. ఆయన సరిగ్గా పట్టలేదు. అలాగే రాద్దారి."

అందరి మొహాలూ తేటపడ్డాయి. దేవుడు దక్కాడు, వ్యాసమూ దక్కింది. "నేనాయన్ని అనలేదండి" అని అప్పలస్వామి ఒక్కడే గొణిగాడు. "నువ్వనకపోతే మేవంటాం లే" అని పెంటయ్యనాయుడు అతని భుజం తట్టాడు. అప్పటిదాకా పోట్లాడుకున్న ఇద్దరూ కలిసి టీ తాగారు.

అంతటితో ఊరుకోలేదు. తప్పు ఆయనదని రాసే పేజీలో ఆయన ఫొటో కూడా ఉంటే బాగుంటుందనుకున్నారు. మనుషుల మర్యాద ఇలా ఉంటుంది. వైకుంఠం పోయి చాలా ఏళ్లయింది. ఆయన భార్య దమయంతమ్మ పిఠాపురంలో ఉందని తెలిసి పెంటయ్యనాయుడు ఫోను చేశాడు. ఆయన గురించి ఏం రాస్తున్నారండీ అని ఆమె అడిగింది. అతను పాలసీ షరతులు చదివినట్టు మొత్తం చదివి వినిపించాడు.

తర్వాతి ఆఖరి ఆదివారం ఆమె వచ్చింది. డెబ్భై అయిదు దాటిన మనిషి. గుడ్డసంచీ ఒకటి గుండెకి అదుముకుని ఉంది. కుర్చీ చూపిస్తే దాన్ని ఒకసారి ఊపి చూసి గాని కూర్చోలేదు. సంచీ ఇలా బల్ల మీద పెట్టండమ్మా అంటే, "నా దగ్గరే ఉంటుందిలెండి" అంది.

"మా ఆయన స్టూడియోలో ఇరవై రెండేళ్లు పనిచేశారు" అంది. "అన్నేళ్లూ మా ఇంట్లో పాట పెట్టుకునే మిషను లేదు. ఈ పాటలప్పుడు కంపెనీవాళ్లు ఒక రికార్డిస్తే నేను బీరువాలో చీరల మధ్య పెట్టాను. దానికి ముల్లు తగల్లేదు. ఇవాళ మీరు వెయ్యండి. ఇది కూడా మీరన్నట్టే ఉంటే రాసింది ఉంచుకోండి. బాగుంటే కొట్టెయ్యాలి. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నారు. నాకు ఆమె మీద అనుమానం వచ్చింది. ఎవరింట్లోనైనా ముల్లు తగలని రికార్డు ఉంటుందా? కానీ ఆమె సంచీ ముడి సగం విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పింది. అప్పుడర్థమైంది, ఆ రికార్డు ఎలా ఉంటుందో ఆమెకీ తెలియదు. ఈ పాటలు పట్టిన రోజు వైకుంఠం ఇంటికొచ్చి, "ఇవాళ బాగా వచ్చింది, దమయంతీ" అన్నాడట. ఆయన మాడిన కూరని కూడా బాగా వచ్చిందనే మనిషి. నలభై ఎనిమిదేళ్లుగా ఆ ఒక్క మాటా నమ్మాలో వద్దో తెలియక, వేసి చూడటానికి ధైర్యం చాలక, చీరల మధ్య దాచింది.

అట్టలోంచి అది బయటికి వచ్చింది. నా చెల్లెలు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. నన్ను చూసి గుర్తుపట్టి ఉండదు.

భానోజీరావు దాన్ని ప్లేయరు మీద పెట్టాడు. అలవాటు ప్రకారం అందరూ కళ్లు మూసుకున్నారు. దమయంతమ్మ మూసుకోలేదు. తన వస్తువు పరాయి చేతిలో ఉండగా ఆమె రెప్ప వెయ్యదు. భానోజీరావు అలమరలోంచి బిళ్ల తియ్యడం చూసింది.

"ఆగండి! ఏంటండీ అది?"

అందరూ కళ్లు తెరిచారు.

"అర్ధరూపాయి బిళ్లండి. ముల్లు గెంతకుండా పెడతానండి."

"నా రికార్డు మీద గీత లేదు కదండీ, గెంతడానికి?"

"ఆయ్, అన్నిటికీ పెడతానండి. అలవాటండి. బరువుంటే పాట..."

అప్పలస్వామి లేచి వచ్చి ఆ బిళ్లని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "ఎన్నాళ్ల నించి పెడతన్నారండీ ఇది?"

"సామర్లకోట నించి."

"నలభయ్యేళ్లా? ఓరి నాయనోయ్, పొలం దున్నినట్టు దున్నేసేరు కదండీ! ఇంక గాడిలో ఏం మిగుల్తాదండీ?"

భానోజీరావు ప్లేయరు దగ్గర నుంచి పక్కకి జరిగాడు. అప్పలస్వామే, బిళ్ల లేకుండా, ముల్లు దించాడు.

నా గొంతు నేను బయటి నుంచి మొదటిసారి విన్నాను. వయొలిన్లు ఒకదాని వెనక ఒకటి, గది అవతల ఎవరో కిటికీ తెరిచినట్టు వచ్చాయి. వేణువు వచ్చింది, దాని కింద ఏ కుర్చీ కిర్రుమనలేదు. చరణం ముందు గాయని ఊపిరి పీల్చుకుంది. అది నాలో ఎప్పుడో పోయిన చోటు. పోయిందన్న సంగతి కూడా మర్చిపోయాను. దమయంతమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, "బాగానే వచ్చింది. బాగానే వచ్చిందన్నారు" అంది. ఎవరితో అందో ఎవరూ అడగలేదు.

పాట అయ్యాక పెంటయ్యనాయుడు, "ఇది వేరే అచ్చేమోనండి. తర్వాత బాగుచేసి వేసిందేమో" అన్నాడు. అలా అనేవాడు ఒకడుంటాడని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. అప్పలస్వామి భూతద్దం తెచ్చాడు. ఎర్ర కాగితం పక్కన, గాడి అయిపోయే చోట, ఏ అచ్చో తెలిసేలా సన్నగా గీసిన అంకె మా ఇద్దరి మీదా ఒకటే. పెంటయ్యనాయుడు మూడుసార్లు చూశాడు.

"చాల్లెండి" అన్నాడు భానోజీరావు. "వైకుంఠం గారు బాగానే పట్టేరు. అరగ్గొట్టింది నేను. నా చేతుల్తో, రోజూ దండం పెట్టుకుని మరీ అరగ్గొట్టేను. ఆ వాక్యం కొట్టెయ్యండి."

"నా ముందే కొట్టెయ్యండి" అంది దమయంతమ్మ. కొట్టేశారు. ఆమె కాగితం వెలుతురుకి పట్టుకుని, కొట్టేసింది అదే వాక్యమో కాదో సరిచూసుకుంది. రెండో పాట కూడా వేస్తామని బతిమాలారు. ఒద్దంది. ఆ రికార్డు సభలో ఉంచమని అడిగారు.

"మీ చేతుల్లోనా?" అంది. అప్పలస్వామి పకపకా నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు, భానోజీరావు తప్ప.

నా చెల్లెలు తిరిగి సంచీలోకి వెళ్లింది. ఫ్యాక్టరీలో విడిపోయినప్పుడు బాధపడటం నాకు తెలియదు. ఈసారి తెలుసు. ఒక్క పాట మేరకి అది కూడా కొంచెం అరిగింది. ఎంతో కాదు. వెళ్లేటప్పుడు సంచీ గుడ్డలోంచి దాని అంచు కాస్త కనిపించింది, అంతే.

సంచిక అచ్చయింది, అందులో వైకుంఠం పేరు మంచిగానే వచ్చింది. కానీ దమయంతమ్మకి నమ్మకం కుదరలేదు. "పుస్తకాలు మడతపెట్టి అటక మీద పడేస్తారండి. వచ్చినవాళ్లకి మాత్రం మీరు ఈ అరిగిందే వినిపిస్తారు. వాళ్లు మళ్లీ ఆయన్నే అంటారు" అంది. ఆమె పట్టుబట్టడం వల్ల నన్ను ముందుగదిలో ఒక చిన్న అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. కింద చీటీ అంటించారు. "ఇది అరిగిన ప్రతి. ఈ చప్పుడుకి రికార్డిస్టు వైకుంఠం గారు బాధ్యులు కారు." ఇక నన్నెవరూ పాడించరు. నేను నోరు విప్పినంతకాలం ఆయన మీద అబద్ధపు సాక్ష్యం చెబుతూ వచ్చాను. ఇప్పుడు ఊరుకుని నిజం చెబుతున్నాను. అద్దం లోపలికి దుమ్ము ఎలా వస్తుందో తెలియదు గాని, వస్తోంది.

ఆమె ప్రతి ఆఖరి ఆదివారం పిఠాపురం నుంచి బస్సులో వస్తుంది. చీటీ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతుంది. తాళం లాగి చూస్తుంది. మూడో నెలలో, "తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగింది.

"నా దగ్గరేనండి" అని భానోజీరావు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె కొంగున ముడేసుకుంది. ముడేసుకుని, ఆయన మొహం కేసి చూసింది.

"రెండోది?"

"రెండోదేంటండీ?"

"కొత్త తాళానికి రెండు చెవులిస్తారు. నాకు తెలీదనుకున్నారా?"

ఆయన చొక్కా లోపలి జేబులోంచి రెండోదీ తీశాడు. "పాడించనండి" అన్నాడు. "ఒట్టండి. ఎప్పుడైనా ఒకసారి పట్టుకు చూసుకుందావని. నలభయ్యేళ్లు నా చేతుల్లో ఉందండి."

అదీ పుచ్చుకుంది. ఇక వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. కొంగు ముడి విప్పి, పెట్టె తాళం తీసి, నన్ను అంచులు పట్టుకుని పైకెత్తి ఆయన చేతుల్లో పెట్టింది.

"చూసుకోండి, నేనిక్కడుండగానే. అంచులు పట్టుకోండి. అలా కాదు, రెండు చేతులతో."

ఆయన పట్టుకున్నాడు. వేళ్లు తడిగా ఉన్నాయి. ఎప్పటిలాగే నాకు అనుమానం కలిగింది. అయినా ఆ చేతుల వెచ్చదనం నాకు తెలిసిందే. కొంతసేపయ్యాక ఆయన నన్ను తిరిగి ఇవ్వబోయాడు. "మీ బస్సుకి ఆలస్యవైపోద్దేమోనండి" అన్నాడు.

ఆమె గోడగడియారం కేసి చూసింది. తర్వాత కుర్చీ ఊపి చూసుకుని కూర్చుంది.

"ఉందిలెండి" అంది. "బస్సుకి ఇంకా టైముంది."