పదహారు బకెట్ల సేద్యం

బసవరాజు లెక్కలో బకెట్లో పెరిగేది పంట కాదు, దాన్ని పెంచేవాళ్ళు మనుషులూ కాదు. ఆస్పరి దగ్గర నలభై ఎకరాల నల్లరేగడి ఆయనది. కర్నూలులో ఫ్లాటు కొనుక్కుని పదేళ్ళయినా ఆ నలభై ఎకరాలను రోజూ లిఫ్టులో ఎక్కించి దించుతూనే ఉన్నాడు. ఎవరితో మాట మొదలుపెట్టినా రెండో వాక్యంలో చేను వచ్చి తీరాలి. ఆ చేనును ముప్పై ఏళ్ళుగా కౌలుకు చేస్తున్నది గురప్ప అనీ, తాను గట్టు మీద గొడుగు కింద నిలబడి రావడమే తప్ప ఏనాడూ పార పట్టింది లేదనీ మాత్రం ఏ వాక్యంలోనూ వచ్చేది కాదు.

అలాంటి మనిషి ఉండే అపార్టుమెంటు మిద్దె మీద రాహేలమ్మ ఆకుకూర వేసింది. రాహేలమ్మ ఆసుపత్రిలో నర్సు, ఆయన ఎదురు ఫ్లాటులోనే ఉంటుంది. ఖాళీ పెయింటు బకెట్లు పదహారు తెచ్చి, అడుగున బొక్కలు పొడిచి, ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపి నింపి, పాక్ చోయ్ అనే చైనా కూర నాటింది. తెల్లటి లావుపాటి కాడ, గరిటెలాంటి ఆకు. చలికాలం కాబట్టి బాగా లేచింది. ఆడవాళ్ళు మిద్దె ఎక్కి చూసి, నాలుగాకులు తుంచుకుపోయి, పప్పులో వేసుకుని బాగుందన్నారు.

అది ఆయనకు నచ్చలేదు. అంతకంటే నచ్చని సంగతి ఇంకోటి ఉంది. రాహేలమ్మ తల్లి బతికినన్నాళ్ళూ ఆయనలాంటి వాళ్ళ చేలల్లో కూలికి కలుపు తీసింది. కలుపు తీసినదాని కూతురు పంట పండించడమేమిటి, జనం ఎక్కి చూడడమేమిటి అని లోపల ఉడికిపోయేవాడు. పైకి మాత్రం "చైనావోళ్ళ గడ్డి" అని మూతి విరిచేవాడు.

డిసెంబరులో ఒక పొద్దున రాహేలమ్మ బసవరాజు ఇంటి తలుపు తట్టింది. రాజంపేటలో కూతురికి కాన్పు. పది రోజులు అక్కడ ఉండాలి.

"కొంచెం నీళ్ళు పోస్తే సాలు వదినా," అంది బసవరాజు భార్య శివలీలతో. "డ్రమ్ము నిండా మున్సిపాలిటీ కొళాయి నీళ్ళు పట్టి పెట్టినా. పొద్దున్నే ఒక్కో బకెట్టుకు ఒక చెంబు. అయిపోతే మళ్ళా కొళాయి నీళ్ళే పట్టండి."

శివలీల ఊ అనేలోపే బసవరాజు పేపరు మడిచి లేచాడు. మెట్ల దగ్గర వాచ్‌మన్ ఓబులేసు, పక్క ఫ్లాటు సుప్రజ నిలబడి ఉన్నారు. వినేవాళ్ళు ఉంటే ఆయన గొంతు దానంతటదే పెరుగుతుంది.

"నలబై ఎకరాలు చేసిన చెయ్యిమ్మా ఇది. నీ బకెట్లు నాకొక లెక్కా? నువ్వొచ్చేసరికి మోకాలెత్తు లేపుతా. లేపకుంటే ఈ మీసం తీసేస్తా."

పాక్ చోయ్ జానెడుకు మించి లేవదని కూడా ఆయనకు తెలియదు. రాహేలమ్మ "సరే అన్నా" అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

డ్రమ్ములో నీళ్ళు చూడగానే ఆయనకు ఒళ్ళు మండింది. మనుషులు తాగే నీళ్ళు ఈ గడ్డికా? వంటింట్లో ఫిల్టరు మిషను బోరు నీళ్ళను వడగట్టి, మంచివి తనలో ఉంచుకుని, మిగిలినవి పైపులోంచి ఒక బకెట్లోకి వదులుతుంది. పారబోసే నీళ్ళతో పంట తీయాలి, రైతు తెలివంటే అదీ అనుకుని మురిసిపోయాడు. ఆ బకెట్టును రోజూ మిద్దె మీదికి మోయించాడు. మోసింది ఓబులేసు.

ఆ బోరు నీళ్ళు ఎలాంటివో స్నానాలగది కొళాయిల మీద తెల్లగా పేరుకున్న ఉప్పే చెబుతుంది. ఆ ఉప్పంతా మిషను ఎటు పంపుతుందో నలభై ఎకరాల బుర్రకు తట్టలేదు.

నాలుగో రోజుకు ఆకుల అంచులు పసుపు తిరిగాయి. దాహమనుకుని రెండు పూటలా పోయించాడు. ఆరో రోజుకు అంచులు మాడి, మట్టి మీద తెల్లటి పొర కట్టింది. అప్పుడు గురప్పకు ఫోను చేశాడు.

"ఏం నీళ్ళు పోస్తాండావు సామీ?" అన్నాడు గురప్ప.

"నీళ్ళ సంగతి నాకు నేర్పొద్దు. మందు పేరు చెప్పు."

"మందు తర్వాత సామీ. ముందు ఆ నీళ్ళు రవ్వంత నోట్లో ఏసుకోని సూడు."

కౌలుదారు చెబితే తాను నోట్లో వేసుకోవాలా? ఫోను పెట్టేసి, బజారుకు పోయి యూరియా తెచ్చి, జీవితంలో మొదటిసారి తన చేత్తో తానే బకెట్టుకు ఒక గుప్పెడు వేశాడు. ఎనిమిదో రోజుకు పదహారూ చచ్చాయి.

మిగిలిన రెండు రోజులూ గడప దాటలేదు. నిజంగా భయపడ్డాడు. రైతునన్న ఒక్క మాట తప్ప ఈ ఊళ్ళో చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. అదీ పోతే ఆయన ఉత్త మూడో నంబరు ఫ్లాటు.

పదకొండో రోజు రాహేలమ్మ వచ్చి నేరుగా మిద్దె ఎక్కింది. వెనకాలే శివలీల, సుప్రజ, ఓబులేసు. బసవరాజు మీసం దువ్వుకుని ముందే అక్కడ నిలబడ్డాడు.

"నకిలీ ఇత్తనం," అన్నాడు, ఎవరూ అడక్కముందే.

రాహేలమ్మ ఒక బకెట్ దగ్గర కూర్చుని చిటికెడు మట్టి నాలుక మీద పెట్టుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"ఉప్పు. మా అమ్మ ఇట్లనే సూసేది. ఏం నీళ్ళు పోసినావన్నా?"

"ఫిల్టరు మిషను వదిలేసే నీళ్ళక్కా," అన్నాడు ఓబులేసు.

"అవి నేను బండలు కడిగేదానికి పట్టుకుంటాండా," అంది శివలీల. "నన్నొక మాట అడగొచ్చు గదా."

బసవరాజు మీసం మీద చెయ్యి వేశాడు. తిడితే బాగుండు, మీసం అడిగితే ఇంకా బాగుండు అనుకున్నాడు. ఇచ్చేస్తే మాట తప్పని మనిషన్న పేరైనా మిగులుతుంది. "మాటంటే మాటే. తీసేస్తా," అన్నాడు గంభీరంగా.

రాహేలమ్మ అప్పటికే మొదటి బకెట్ బోర్లించి మట్టి కుమ్మరిస్తోంది. తలెత్తి చూసింది. ఆ చూపులో కోపమైనా లేదు.

"మీసం ఉంచుకోన్నా, దాంతో ఎవురికి పనుండాది? బకెట్లు మాత్రం ఇంగ ముట్టుకోవాకు. నీకు సేద్యం తెలుసనుకోని అప్పజెప్పినా, నాదే తప్పు."

తర్వాత నలుగురూ తలా ఒక బకెట్ పట్టుకున్నారు. నిలబడలేక ఆయన కూడా వంగి ఒకదాని మీద చెయ్యి వేశాడు.

"నువ్వుండు సార్, నేను మోస్తా," అన్నాడు ఓబులేసు. పదేళ్ళుగా అంటున్న మాటే అది. అందులో గౌరవం లేదని బసవరాజుకు ఆ రోజే తెలిసింది.