జోయలన్న బాగుచేసిన కారు

యాభై ఏళ్లు దాటిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు నాది. నవ్వేవాళ్లు నవ్వనీ, చిత్తూరులో ఇరవై ఏళ్లుగా రోజూ ఆఫీసుకు దాంట్లోనే వెళ్లాను. దాని కార్బురేటర్ల మర్మం తెలిసింది మెకానిక్ జోయలన్న ఒక్కడికే. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విని సరిచేస్తాడు.

మొన్న ఇంజిన్ టకటక కొట్టుకుంటోందని తీసుకెళ్లాను. అరగంట విన్నాడు, తిప్పాడు.

"సూడప్పా, గడియారం మాదిరి ఆడతా ఉండాది!"

శబ్దం ఇంకా పెరిగింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

"ఇంకోసారి సూడన్నా" అన్నాను వెనక నుంచి. ఆయన తిరగలేదు, బానెట్ తుడుస్తూనే ఉన్నాడు.

ఆయన భార్య కృపారాణి నా దగ్గరికొచ్చి చేతులు జోడించింది. "సెవులు పోయినాయబ్బా ఆయనకి. ఎవురికీ సెప్పాకు. ఈ పని లేకుంటే మనిషి బతకడు."

నేను ఎదురుగా వెళ్లి, బాగుందని తలూపాను.

"నా సెవి ఉన్నన్నాళ్లూ నీ బండికి భయం ల్యా!" అని నవ్వాడు.

వేరే మెకానిక్‌కు చూపిస్తే ఊరంతా తెలిసిపోతుంది. అందుకే కారు మీద గుడ్డ కప్పేసి, బస్సులో వెళ్తున్నాను. జోయలన్న షెడ్డు దాటేదాకా సీట్లో తల వంచుకుని కూర్చుంటాను.