పరశురాములు మోయలేని బరువు

జనగామ మార్కెట్ యార్డులో హమాలీ పరశురాములు వడ్ల బస్తా దించితే, అవతల స్టేషన్‌లో ఆగిన గూడ్సుబండి ఉలిక్కిపడి కదిలేది. అంతటి మొనగాడు. ఒకసారి తిక్కరేగి, బస్తాతో పాటు దాని మీద కూర్చున్న సేటును కూడా లారీకెక్కించాడు. పాపం, సేటు వరంగల్ దాకా పోయి వచ్చాడు. అబద్ధమంటారా, యార్డులో ఎవరినైనా అడగండి.

ఆ రోజూ ఎప్పట్లాగే పొద్దున ఏడింటికి కండువా తలకు చుట్టి పనిలోకి దిగాడు.

"ఏందిరా పరశురాం, నీ పెండ్లాం దీప ఇంక నీళ్లాడలేదా?" అడిగాడు జోడీ హమాలీ పోశాలు.

"ఇంక రెండు నెలలున్నదే," అన్నాడు పరశురాములు, బస్తా మాటున మొహం దాచుకుని.

బిడ్డ పుట్టి అప్పటికి పన్నెండు రోజులు. ఆడపిల్ల. ఏడో నెలలోనే వచ్చేసింది. కిలో వంద గ్రాములు. దవాఖానలో గాజుపెట్టెలో ఉంది. ఇంత మనిషికి గింతంత పిల్లనా అని యార్డంతా నవ్వుతుందని ఒక సిగ్గు. దానికంటే లోపల ఇంకొకటుంది. ఊరందరి బస్తాలు మోసినవాడు, కడుపుతో ఉన్న దీప బోరింగు నుంచి నీళ్లు మోస్తుంటే గడపలో కూర్చుని బీడీ కాల్చాడు. "బిందె మొగోడు మోస్తడా?" అని కూడా అన్నాడు. బీపీ వల్ల ముందే కాన్పయిందని డాక్టరమ్మ చెప్పింది. అతని చెవుల్లో మాత్రం బిందె అంచు గడపకు తగిలిన చప్పుడే.

పుట్టిన రెండో రోజు నర్సు ప్రియదర్శిని పిల్లను తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. పెట్టిందో లేదో మోకాళ్లు వంగిపోయాయి. క్వింటాలు కాదు, రెండు క్వింటాళ్లు! కింద బండ పెళపెళమంది. నర్సు చప్పున పిల్లను అందుకుని ఒంటిచేత్తో భుజానేసుకుంది.

"కొందరు తండ్రులకు గట్లనే బరువుంటరు," అంటూ చీటీ రాసుకోవడంలో పడింది.

"మా అల్లునికి గూడ గిట్లనే ఉండె," అంది పక్క మంచం అవ్వ, నారింజ తొనలు వలుస్తూ.

అప్పట్నించి అతను రోజూ మధ్యాహ్నం దీపకు సద్ది తెచ్చేవాడు. అద్దంలోంచి ఒక్క చూపు చూసి, ఉరుకు.

ఆ మధ్యాహ్నం మాత్రం నర్సు తలుపు దగ్గరే ఆపింది.

"దీపకు జరం తగ్గుతలేదు. పిల్ల ఒళ్లు చల్లబడుతున్నది, గాజుపెట్టె ఎచ్చదనం సాల్తలేదు. ఎద మీద పండవెట్టుకుని ఎచ్చగ ఉంచాలె. ఇయ్యాళ నువ్వే."

"నాతోని కాదు మేడం. మోయలేను."

"మోయలేకుంటే ఎవరినన్న పిలుచుకో. జల్ది."

మంచం మీద దీప గోడవైపు తిరిగి ఉంది. "పో," అంది. "ఎప్పటిలెక్కనే పో."

హమాలీల్లో ఒక పద్ధతి ఉంది. ఎంతటి మొనగాడైనా బస్తా తనంతట తాను వీపుకెత్తుకోడు. ఇద్దరు చెరో కొస పట్టి ఎత్తి పెట్టాలి. అడగడంలో నామోషీ లేదు. కానీ ఇక్కడికి పిలవాలంటే పన్నెండు రోజుల అబద్ధం విప్పాలి. మెట్ల మీద నిలబడి పరశురాములు పోశాలుకు ఫోను కలిపాడు.

"పోశన్నా... బిడ్డ పుట్టి పన్నెండు రోజులాయె. నీకు అబద్ధం చెప్పిన. ఒక ఎత్తుడున్నది, రావే."

"ఎంత బరువు?"

"కిలో వంద గ్రాములు."

"తూకానికి కాదురా. నీకెంత?"

"రెండు క్వింటాళ్లు."

"అట్లయితే గట్టయ్యను గూడ తోల్కొస్త."

పావుగంటలో హమాలీలిద్దరూ వచ్చారు. నర్సు వాళ్ల చేతులు మోచేతుల దాకా కడిగించింది. పరశురాములు చొక్కా విప్పించి, దీప మంచం పక్కనే వాలు కుర్చీలో పడుకోబెట్టింది. పోశాలు, గట్టయ్య గుడ్డకు చెరో వైపు పట్టి, ఊపిరి బిగించి పిల్లను అతని ఎద మీద దించారు. వాళ్లకు ఈక బరువు.

పోశాలు వంగి పిల్ల మొహం చూశాడు. "గింత బంగారాన్ని మాకు చూపక దాసినవారా, దొంగ!"

పక్కటెముకలు కిరకిరలాడాయి. కుర్చీ కాళ్లు వంగాయి. పారిపోదామన్నా కదిలే దారి లేదు. ఇంతమంది ఆడవాళ్ల ముందు చొక్కా లేకుండా, కదలకుండా పడి ఉండాల్సిందే.

"బిందె నేను తేవాల్సి ఉండె దీపా," అన్నాడు కప్పువైపు చూస్తూ. దీప గోడవైపే తిరిగి ఉంది.

మూడో గంటలో, ఉన్నట్టుండి ఎద మీది బరువు పోయింది. దూదిపింజ. హమ్మయ్య అనిపించింది అతనికి. ఆ ఒక్క క్షణపు హాయిని బతికున్నన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మరుక్షణం దవాఖాన గోడలు అదిరేలా అరిచాడు. "మేడం! తేలికైంది! బిడ్డ తేలికైంది!"

పిల్ల కాలికి తగిలించిన మిషను ఇంకా కూయనే లేదు. నర్సు ఎందుకని అడగకుండా ఉరికి వచ్చింది. పిల్ల పెదవులు నీలం. అరికాలు మీటింది, వీపు రుద్దింది. మళ్లీ మీటింది. అప్పుడు పిల్లికూన గొంతుతో పిల్ల ఒక్క కూత పెట్టింది.

బరువు ధభీమని వచ్చి పడింది.

"ఉన్నదా?" అంది నర్సు.

"ఉన్నది మేడం. మస్తున్నది." కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యెత్తలేదు.

దీప ఇటు తిరిగింది. అతన్ని కాసేపు చూసింది. "కాళ్లు తిమ్మిరెక్కుతయి. జర సదురుకో," అంది.

అతను సర్దుకోలేదు. కదిలితే ఆ బరువులో ఒక్క గ్రామైనా తగ్గుతుందేమోనని.