మళ్ళీ మొలిచిన ఇనుపగోడ

మా ఆయన తెసిక్ ఇంట్లోంచి బయలుదేరే ముందు గ్యాసు కట్టేశామో లేదో చూస్తాడు, కిటికీ గొళ్ళెం చూస్తాడు, తలుపు వేసి పిడి లాగి చూస్తాడు, లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతాడు. మా ఇంట్లో ఎత్తుకుపోదగ్గ వస్తువు కిమ్చీ పచ్చడి నిలవపెట్టే ఫ్రిజ్ ఒక్కటే. దాన్ని మోయడానికి నలుగురు దొంగలు కావాలి. ఇంత జాగ్రత్తపరుడితో కాపురం భద్రంగా ఉంటుందని పెళ్ళికి ముందు మా అక్క అన్నది. భద్రంగానే ఉంది. ఒక్కోసారి నేను కూడా బయటపడలేనంత భద్రంగా.

అలాంటి మనిషికి ల్యాప్‌టాప్ అమ్మినవాడు "యాంటీవైరస్ సర్వీసు సార్" అన్నాడు. మా దగ్గర సర్వీసంటే ఊరికే ఇచ్చేది, నూడుల్స్ తెప్పిస్తే పక్కన నాలుగు మాండూ కుడుములు వచ్చినట్టు. దాని పేరు చొల్బ్యొక్, అంటే ఇనుపగోడ. మేం పెట్టె విప్పేసరికే అది లోపల కాపురం పెట్టేసి ఉంది. ఏడాది పాటు గుట్టుగా ఉంది. ఆ తరువాత నుంచి తెర మూలన ఎర్రటి పెట్టె ఒకటి లేచి, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే చందా కట్టండి అని బెదిరించడం మొదలుపెట్టింది.

"బెదిరించేవాణ్ణి కాపలావాడంటారా?" అని అడిగాను.

"కాపలాకుక్క మొరగదా మరి" అన్నాడాయన.

మొరిగితే మొరిగిందని ఊరుకున్నాను. ఊరుకోలేని రోజు ఈ వసంతంలో వచ్చింది.

మా అమ్మాయి దాన్బి పుట్టినప్పుడు నేను ప్రూఫులు దిద్దే ఉద్యోగం మానేశాను. దాన్బి ఇప్పుడు మిడిల్ స్కూలుకు వచ్చి, నా తప్పులు తానే దిద్దే స్థాయికి చేరింది. ఇన్నేళ్ళకు పాఠ్యపుస్తకాలు వేసే సంస్థ ఒకటి, ఇంటి దగ్గరే కూర్చుని ప్రూఫులు దిద్దేవాళ్ళు కావాలని ప్రకటించింది. దరఖాస్తు పెట్టాను, పరీక్షకు పిలిచారు. ఆ పరీక్ష శనివారం, ఎవరింట్లో వాళ్ళు, గదిలో ఒంటరిగా కూర్చుని రాయాలి. అందుకని వీధి చివరి పీసీబాంగ్, అంటే గంటకింతని కంప్యూటర్లు అద్దెకిచ్చే చోటు, పనికిరాదు. మా ఆయన ఆఫీసు కంప్యూటర్‌లో సొంత పనులు నిషేధం. మిగిలింది ఈ ల్యాప్‌టాపే. అయితే పరీక్షవాళ్ళ నిఘా ప్రోగ్రాం ఇనుపగోడ ఉన్నచోట అడుగుపెట్టదట. శుక్రవారం సాయంత్రం ఆరులోగా కంప్యూటర్ ముందస్తు తనిఖీలో నెగ్గకపోతే పేరు కొట్టేస్తారు. తనిఖీకి రోజుకు ఒక్క అవకాశం.

బుధవారం తనిఖీలో తప్పాను. వెంటనే ఇనుపగోడను తీసేయడానికి కూర్చున్నాను. తీసేయమని నొక్కితే, మమ్మల్ని ఎందుకు వదిలి వెళుతున్నారు అని అడిగింది. కారణాల్లో "ఇతరం" ఎంచుకుని, మీరు వదలడం లేదు కాబట్టి అని రాశాను. మరోసారి ఆలోచించుకోండి అన్నది. "ఉంచు" అన్న బొత్తాం నీలంగా, అరచేయంత ఉంది. "తీసేయి" అన్నది బూడిద రంగులో, చీమ తలకాయంత ఉంది. దాన్నే వెతికి నొక్కాను. రీస్టార్ట్ చేశాక చూస్తే మూలన ఐకాన్ లేదు. ఆ రాత్రి అన్నం రుచిగా తిన్నాను.

గురువారం సాయంత్రం ధీమాగా తనిఖీకి కూర్చుంటే మళ్ళీ ఎర్రగుర్తు పడింది. మూలన ఇనుపగోడ, ఏమీ ఎరగనట్టు.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చూసి, తప్పిపోయిన బంధువు తిరిగొచ్చినంత సంబరపడ్డాడు. "చూశావా? తీసేసినా తనంతట తాను వచ్చింది. గట్టి సరుకంటే అదీ."

"మీ రెండో అత్తయ్యా అలాగే వస్తుంది. ఆవిణ్ణి గట్టి సరుకని ఎప్పుడూ అనలేదే మీరు."

"అది కాదు దాన్బి అమ్మా. నీకు పూర్తిగా తీయడం చేతకాలేదు. ఎక్కడో వేరు మిగిలిపోయింది. ఇలాంటివి నింపాదిగా, చదువుకుంటూ చెయ్యాలి." ఆ పాఠం చెప్పి, మా బ్లాకు లిఫ్టు గోడలకు ఏ రంగు వెయ్యాలన్న ఓటింగు అరవై శాతం దాటిందని చెబుతూ సూపు జుర్రుకున్నాడు. ఆయన మా బ్లాకు ప్రతినిధి. ఇరవై అంతస్తుల మనోభావాలు ఆయన భుజాల మీదే ఉన్నాయి.

చేతకాలేదన్న మాట నాకు చేపముల్లులా గొంతులో దిగబడింది. మర్నాడు పొద్దున ఇనుపగోడ కంపెనీకి ఫోన్ చేస్తే, ఒక యంత్రం నాతో చాలాసేపు మాట్లాడి, చివరికి ఒక మనిషికి అప్పజెప్పింది.

"పూర్తిగా పోవాలంటే మా తొలగింపు ప్రోగ్రాం వేరే ఉందండీ. సేఫ్ మోడ్‌లో నడపాలి. ఆపైన మిగిలిన ఫోల్డర్‌ను మీరే చేత్తో తీసేయాలి" అన్నది ఆ అమ్మాయి.

"తీసేయడానికి ఇంత పెద్ద ప్రోగ్రాం రాసినవాళ్ళు, మామూలుగానే పోయేలా రాయొచ్చుగా?"

"మీ విలువైన అభిప్రాయాన్ని పైవాళ్ళకు తెలియజేస్తామండీ."

ఫోన్ పెట్టేసి చూద్దును కదా, ముందు రోజు రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ తీసేసిన ఇనుపగోడ, శుక్రవారం పొద్దుటికి మళ్ళీ మొలిచి ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంటింట్లోకి పోయి కత్తి పట్టుకున్నాను. స్కూలుకు బయలుదేరుతున్న దాన్బి చూసి, ఏమైందమ్మా అంటే, ఉల్లికాడలు తరుగుతున్నానని చెప్పాను.

"అది టోఫు కదమ్మా" అని, ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంటిపని ముట్టుకోలేదు. సేఫ్ మోడ్‌లో అక్షరాలు పెద్దవై, తెర నల్లబడి, కంప్యూటర్ రోగిలా కనబడింది. తొలగింపు ప్రోగ్రాం నడిపాను. మిగిలిన ఫోల్డర్ తీసేశాను. ప్రోగ్రాముల జాబితా చూశాను, వెనక చాటుగా నడిచేవాటి జాబితా కూడా చూశాను. ఎక్కడా లేదు. విండోస్ సొంత కాపలా తనంతట తానే లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ దాన్ని లేవనివ్వనిది ఇనుపగోడేనన్నమాట. ఐదు దాటింది. తనిఖీకి కూర్చునే ముందు, బియ్యం కడిగి కుక్కర్‌లో పోసి వద్దామని వంటింట్లోకి వెళ్ళాను.

ఆ కాస్త సేపట్లో, శుక్రవారం కాబట్టి తొందరగా వచ్చిన మా ఆయన, చొక్కా అయినా మార్చకుండా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి, తెర మీద పచ్చటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి నింపాదిగా పాకుతోంది. అది చివరికి చేరగానే మూలన ఇనుపగోడ కన్ను తెరిచింది.

"ఏం చేస్తున్నారండీ?" నా గొంతు నాకే వింతగా, మరీ మెత్తగా వినబడింది.

"లిఫ్టు ఓటింగు చూస్తున్నా. ఆరింటికి ముగుస్తుంది."

"నిన్న కూడా చూశారా?"

"రోజూ చూస్తా, పొద్దున్నే, నువ్వు లేవకముందే. ప్రతినిధినన్నాక బాధ్యత ఉండదా?"

"ఇందాక ఆ ఓటింగు సైటు మిమ్మల్ని ఏమని అడిగింది?"

"ఏముంది, మామూలే. భద్రతా ప్రోగ్రాములు లేవు, అన్నీ ఒకేసారి వేయాలా అని. వేయకపోతే లోపలికి పోనివ్వదు."

"అన్నీ అంటే ఏవేవి?"

"ఎవడు చదువుతాడే?"

నిజమే. మా దేశంలో ఎవరూ చదవరు. బ్యాంకైనా, వార్డు ఆఫీసైనా, బడి సైటైనా గుమ్మంలోనే ఈ భద్రతా ప్రోగ్రాముల మూట ఒకటి చేతికిస్తుంది. అందరం సరే అని నొక్కి లోపలికి పోతాం. ఆ మూట విప్పి ఆయనకు చూపించాను. నాలుగో పేరు ఇనుపగోడ.

ఆయన ఆ పేరు చదివాడు. ఇంకోసారి చదివాడు. "అయితే ఆ సైటువాళ్ళది తప్పు" అన్నాడు.

"లేవండి."

లేచాడు. సేఫ్ మోడ్, తొలగింపు, ఫోల్డర్, జాబితాలు. ఈపాటికి నా వేళ్ళకు అలవాటైపోయింది. అన్నీ ముగించి తనిఖీకి కూర్చునేసరికి ఆరు కావస్తోంది. గది తలుపు దగ్గర మా ఆయన గోడకు ఆనుకుని, ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటున్నాడు.

నిఘా ప్రోగ్రాం లోపలికి వచ్చింది. కెమెరా వెలిగింది. పరీక్షవాళ్ళ తరఫున తనిఖీ చేసే ఒక స్త్రీ గొంతు పలికింది. "ఇప్పుడు నిషేధించిన ప్రోగ్రాం లేదండీ. అయితే ఇవాళే తీసి, ఇవాళే వేసి, మళ్ళీ తీసినట్టు జాడలున్నాయి. మొన్నటి నుంచీ ఇదే వరస. ఈ కంప్యూటర్‌తో ఇంకెవరైనా ఏమైనా చేస్తున్నారా? కారణం తెలియకుండా నేను ఆమోదించలేను."

నేనే చెప్పొచ్చు. చెప్పలేదు. తలుపు వైపు చూసి, "ఏవండీ, మిమ్మల్నే అడుగుతున్నారు" అన్నాను.

ఆయన వచ్చి కెమెరాకు వంగి నమస్కరించాడు. "అదీ... మా బ్లాకు ఓటింగు సైటు ఉందండీ, అది దానంతట అదే..."

"సైటు అడుగుతుందండీ, తనంతట వేసుకోదు. ఎవరు నొక్కారు?"

వంటింట్లో కుక్కర్ ఆవిరి వదలడం మొదలుపెట్టింది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నేనేనండీ. రోజూ ఆవిడ తీసేస్తోంది, రోజూ నేను వేస్తున్నాను. చదవకుండా నొక్కాను."

"సరేనండీ. రేపు పరీక్ష అయ్యేదాకా మీరు ఈ కంప్యూటర్‌ను ముట్టుకోకండి." తెర మీద పచ్చగుర్తు పడింది. కెమెరా ఆరిపోయింది, గొంతు వెళ్ళిపోయింది.

ఆయన మాత్రం వంగిన నడుము ఎత్తలేదు. ఆరిపోయిన కెమెరా వైపే చూస్తూ, వంటింట్లోకి కూడా వినబడేటంత గట్టిగా అన్నాడు:

"ఆవిడకు చేతకాదన్నాను. చేతకానిది నాకు. తప్పు నాదే."