పెరిగే పిల్లల మడత

టైలరు పిన్ని గౌను కుట్టిందంటే లోపల మడత వదలకుండా కుట్టదు. కింద అంచులో నాలుగు వేళ్ల మడత, పక్క కుట్లలో ఇంకాస్త. పెరిగే పిల్లలు, పొట్టయిన రోజున తల్లి కుట్లు విప్పుకుంటుంది గదా అంటుంది. అలా అక్కకి పొట్టయి, చెల్లికి దిగి, మేనత్త కూతురిదాకా తిరిగిన గౌన్లు వాళ్ల చర్చి సంఘంలో ఎన్నున్నాయో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా ఆవిణ్ణి పిన్ని అనే పిలుస్తారు. మొగుడు కూడా ఒకసారి పరధ్యానంలో పిన్నీ అని పిలిచేసి, ఆ పూట అన్నం కోసం వంటింటి గుమ్మం దగ్గర చాలాసేపు తచ్చాడాడట.

వాళ్ల సంఘంలో స్త్రీల కూడిక జరిగే గదిలో గోడ మీద ఒక ఫొటో ఉండేది. పరాయి దేశంలో ఒక ఆడపిల్లల హాస్టలు, తల్లీదండ్రీ లేని పిల్లలు, నీలం గేటు ముందు వరసగా నిలబడి ఉన్నారు. ఆ హాస్టలుకి సేవ చెయ్యడానికి ఒక జట్టు వెళ్లొద్దామని పాస్టరుగారు అనుకుని, ప్రార్థనలో పెట్టుకోండమ్మా అని ఆ ఫొటో తెచ్చి తగిలించారు. ఆయన ప్రార్థన గురించి అడిగితే, పిన్ని కళ్లేమో పిల్లల ఒంటిమీది బట్టల మీద పడ్డాయి. భుజాలు జారిపోయి, బొత్తాలు ఊడిపోయి, ఎవరివో ఎవరికో తొడిగినట్టు ఉన్నాయి.

ఇక ఊరుకుంటుందా. కూడికలోని ఆడవాళ్లందరినీ తలా ఒక పిల్లని ఎంచుకోమంది. ఎంచుకున్న పిల్ల కోసం ప్రార్థన చేస్తూ గౌను కుట్టాలి, మెడ లోపల ఎర్రదారంతో చిన్న సిలువ కుట్టాలి. కత్తిరింపు అంతా పిన్నిదే. మరి కొలతలెలా అంటారా. ఫొటోలో ఒక వార ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు ఏ దేశమైనా ఒకటే ఎత్తు అని తేల్చేసింది పిన్ని. మందిరంలో కుర్చీ తెచ్చి, సండేస్కూలు పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి, ఫొటోలో పిల్ల కుర్చీ చేతులదాకా వస్తే ఇంత, వీపుదాకా వస్తే ఇంత అని టేపు పెట్టి లెక్క కట్టేసింది. తన వంతుకు అందరిలోకీ బుల్లిదాన్ని ఎంచుకుంది. ముందు పళ్లు లేవు దానికి, నవ్వు మాత్రం గేటంత ఉంది.

ప్రయాణం ఖాయమైన రోజున ఆడవాళ్లందరి ముందూ మాట ఇచ్చింది. ఏ పిల్ల కోసం కుట్టిన గౌను ఆ పిల్లకే నా చేతుల్తో తొడుగుతాను, ఫొటో తెచ్చి ఈ ఫొటో పక్కనే పెడతాను, అని. ఒకావిడ మోకాళ్ల నొప్పితో కూడికకే రాలేదు పాపం, మంచం మీద కూర్చుని చేత్తో కుట్టి పంపింది. అందుకని ఆ మాట పిన్నికి చిన్న మాట కాదు.

జట్టంటే ఎంతమందో కాదు. పాస్టరుగారు, పాస్టరమ్మగారు, సంఘంలో కరెంటు పని చేసే తమ్ముడు, పిన్ని, పిన్ని కోడలు. కోడలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. అక్కడివాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడటానికీ, ఫొటోలు తియ్యడానికీ ఆ అమ్మాయి. బయల్దేరేముందు పెట్టె సర్దుతూ ఒక్కటే అడిగింది, ఆ ఫొటో ఎప్పుడు తీసిందత్తయ్యా అని. ఎప్పుడేమిటే, మొన్నే కదా గోడెక్కింది అంది పిన్ని. కోడలు పెట్టె మూత నొక్కి తాళం వేసింది.

విమానం దిగి, బస్సెక్కి, ఎత్తువీధిలో రొప్పుకుంటూ పెట్టెలీడ్చుకుని వెళ్తే నీలం గేటు కనపడింది. పిన్నికి పుట్టింటి గుమ్మం చూసినట్టయింది. లోపల పొడుగాటి వసారా, ఫినాయిలు వాసన, గోడలకు పెచ్చులూడిన సున్నం. పిల్లలు వరసగా నిలబడ్డారు. పెట్టె మూత తెరిచారో లేదో, లోపలేముందో చూడకుండానే థాంక్యూ పాట అందుకున్నారు. ఎన్ని జట్లొచ్చి ఎన్ని పెట్టెలు విప్పాయో, పాట దానంతటదే వచ్చేస్తోంది వాళ్లకి.

పిన్ని గౌన్లు చేతుల్లో పెట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. వరసలో ఉన్నవాళ్లంతా చెట్టంత పిల్లలు. కొందరు తనకంటే పొడుగు. చిన్నపిల్లలు ఏరీ, పడుకున్నారా అని కోడలితో అడిగించింది. హాస్టలు చూసుకునే పెద్దావిడ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, తర్వాత పకపకా నవ్వింది. ఆ ఫొటో హాస్టలు మొదలుపెట్టినప్పటిదట. వీళ్లే వాళ్లు. ఆ పళ్లులేని బుల్లిది ఏదీ అంటే, చివర్న నిచ్చెనలా నిలబడ్డ పిల్లని చూపించింది. పళ్లన్నీ వచ్చేశాయి. నవ్వు మాత్రం అదే.

పిన్ని చేతిలోని బుల్లి గౌను ఎత్తి ఆ పిల్ల ఒంటికి ఆనించి చూసింది. కోడలు దగ్గరికి జరిగింది.

"నేనో మాట అందామనుకున్నానుగానీ, బాగోదని ఊరుకున్నా అత్తయ్యా."

"అనెయ్యవే. కడుపులో పెట్టుకుంటే నీకే అరగదు."

"మీరు ఎటూ మడత వదిలారుగా, విప్పి చూద్దాం."

దెప్పింది అనాలో ధైర్యం చెప్పింది అనాలో తెలీలేదుగానీ, పిన్నికి ఆ మాటే దారి చూపించింది. మధ్యాహ్నం భోజనాల గదిలో కూర్చుని తను కుట్టిన గౌను కుట్లు విప్పింది. అంచు మడత దింపింది. పక్క మడతలు తెరిచింది. నిచ్చెనపిల్లని పిలిచి తొడగబోతే భుజాల దగ్గరే ఇరుక్కుపోయింది. మడతలన్నీ అయిపోయాయి, గుడ్డ అయిపోయింది, పిల్ల ఇంకా మిగిలే ఉంది.

పాస్టరమ్మగారిది మంచి మనసు, నొచ్చుకోకండి పిన్నీ అని పక్కనే కూర్చుంది. పిల్లల చేత గౌన్లు గుండెకి ఆనించి పట్టించి, కాస్త దూరం నుంచి తీస్తే ఫొటోలో ఏమీ తెలీదు, కుట్టినవాళ్ల మనసూ నొచ్చదు అంది. ఆ మాట పిన్ని మనసుని పీకింది, పీకలేదని చెప్పను. మంచం మీద కూర్చుని కుట్టినావిడ కళ్లముందు మెదిలింది. అయినా తల అడ్డంగా ఊపింది.

"మన గోడ మీద ఉన్న ఫొటోయే ఇంతపని చేసింది. పక్కన ఇంకోటి ఎందుకమ్మా."

మర్నాడు తక్కినవాళ్లు గోడలు గీకి రంగులు వేస్తుంటే, పిన్ని భోజనాల గదిలో దిగాలుగా చీపురు పట్టుకుంది. మూలన దుప్పటి కప్పిన బల్ల ఒకటి, దాని మీద పూలకూజా. తుడుద్దామని దుప్పటి ఎత్తితే కుట్టుమిషను. ఎప్పుడో ఏదో జట్టు ఇచ్చి ఫొటో తీయించుకుని వెళ్లిందట, ఎలా తొక్కాలో ఎవరూ చెప్పలేదట. పిన్ని ప్రాణం లేచొచ్చింది. జారిపోయిన బెల్టు ఎక్కించి, నూనె చుక్కలేసి, తొక్కి చూసింది. ఆ చప్పుడుకి నిచ్చెనపిల్ల వచ్చి పక్కన నిలబడింది. పిన్ని తెలుగులోనే చెప్పింది, ఆ పిల్ల తన భాషలోనే తలూపింది. ఆ పిల్ల తొక్కబోతే కాలు అదుపులోకి రాక మిషను వెనక్కి తిరిగి దారం చిక్కుపడితే ఇద్దరూ ఒకేలా నాలిక కరుచుకున్నారు.

కాసేపటికి ఆ పిల్ల విప్పిన గౌను పట్టుకుని గేటు దాటి వెళ్లిపోయింది. తిరిగొచ్చేటప్పుడు చంకలో ఒక బుల్లిది. ఎదురుగా వీధిలో కూరగాయలమ్మే ఆవిడ కూతురు, ముక్కు కారుతోంది, వేళ్లు నోట్లో. ఆ గౌను తొడిగేసి తెచ్చింది. మడతలు విప్పేశారు కదా, కిందికి దింపితే అంచు నేల మీద ఈడుస్తోంది. నిచ్చెనపిల్ల ఆ అంచు పట్టుకుని, లోపలికి మడిచి, మళ్లీ కుట్టనా అన్నట్టు పిన్ని మొహంలోకి చూసింది.

పిన్ని ఆ గౌను మెడ తిరగేసింది. కోడల్ని పిలిచి, మెడ లోపలి ఎర్రదారం సిలువ చూపిస్తూ, ఇది నీ కోసం ప్రార్థన చేసి నా చేత్తో కుట్టిందమ్మా, తెలిసే ఇస్తున్నావా అని అడగమంది. హాస్టలు పెద్దావిడ నోటిగుండా ఆ మాట పిల్లకి చేరింది. ఆ పిల్ల సిలువని వేలితో తడిమి ఏదో చెప్పింది. కోడలు ఆ మాటని తెలుగులో చెప్పబోతూ కళ్లు తుడుచుకుంది.

"ప్రార్థన నాకు సరిపోయిందట అత్తయ్యా. గౌనే సరిపోలేదట."

ఇంకేముంది, పాస్టరుగారు వేసిన కార్యక్రమాలన్నీ పక్కకి జరిగాయి. పెద్దపిల్లలు ఒక్కొక్కరూ తమ గౌను పట్టుకుని వీధిలో పడ్డారు. సైకిళ్లు బాగుచేసే ఆయన మనవరాళ్లు, రొట్టెల కొట్టు పిల్ల, ఇంకా ఎవరెవరో. ఎవరికి ఏది పడుతుందో భుజాలు కొలిచి చూసుకోవడం, కుదించడం, మడవడం. పిన్ని సూది పట్టించి వదిలింది, అంతే, కుట్లు వాళ్లవే. కరెంటు తమ్ముడు మిషను మీదికి దీపం ఒకటి దింపాడు. పాస్టరుగారు బొత్తాలు కుడతానని కూర్చుని వేలు పొడుచుకుంటే, పాస్టరమ్మగారు మీరు వాక్యం చెప్పండి చాలు అని లేవదీసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక వసారాలో బుల్లివాళ్లందరికీ తొడిగారు. వాళ్లకి థాంక్యూ పాట రాదు. తొడిగించుకుని ఒకటే పరుగు. ఒకర్తె మెడ దగ్గర గుచ్చుకుంటోందని ఏడ్చి విప్పేసింది. నిచ్చెనపిల్ల దాన్ని పట్టుకుని, కుట్టు తిరగేసి, మళ్లీ తొడిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం పిన్నిలాగే తల పక్కకి వంచి చూసుకుంది. ఎప్పుడూ పుచ్చుకోవడానికి నిలబడిన ఆ వసారాలోనే ఇచ్చి నిలబడింది మరి. వెన్ను ఎంత నిటారుగా ఉందో. కన్నకూతురు పదిమందిలో మెప్పు పొందితే తల్లికి ఎలా ఉంటుందో పిన్నికి అలా ఉంది. ఫొటో తియ్యవే అని కోడల్ని తొందరపెట్టింది.

ఇంటికొచ్చాక కూడికలో ఆ ఫొటో పెడితే గది గదంతా మూగింది. పెద్దపిల్లలు పాతబట్టల్లోనే ఉన్నారు, చంకల్లో బుల్లివాళ్లు కొత్త గౌన్లలో మెరుస్తున్నారు. మనం కుట్టింది వీళ్లకా అని ఒకావిడ మూతి ముడిచింది. పిన్ని ఏదీ దాచలేదు. కుర్చీ లెక్క తప్పడం దగ్గర్నుంచి అంతా చెప్పింది. సిలువ గురించి ఆ పిల్ల అన్న మాట చెప్పేసరికి ముడిచిన మూతి వణికింది. ఆ సాయంత్రమే పిన్ని ఫొటో పట్టుకుని మోకాళ్ల నొప్పి ఆవిడ మంచం దగ్గరికి వెళ్లింది. ఆవిడ తను ఎంచుకున్న పిల్లని గుర్తుపట్టి, ఎంత ఎదిగిందే నా తల్లి అని మళ్లీ మళ్లీ అంది. గౌను ఊసే ఎత్తలేదు.

తర్వాత హాస్టలు నుంచి కోడలి ఫోనుకి కబురొచ్చింది. ఈసారి గౌన్లు వద్దు, గుడ్డ పంపండి, మేమే కుట్టుకుంటాం అని నిచ్చెనపిల్ల చెప్పించింది. పిన్ని మొగుడు, నీ బేరం పోయిందే అని ఎగతాళి చేశాడు. పోనివ్వండి అని నవ్వింది పిన్ని, ఆ నవ్వు చెవులదాకా పాకింది.

ఇప్పుడా రెండు ఫొటోలూ గోడ మీద పక్కపక్కనే ఉన్నాయి. కూడికకి కొత్తగా ఎవరొచ్చినా పిన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, కూరగాయలావిడ కూతురి గౌను అంచు మీద వేలు పెట్టి చూపిస్తుంది. కుట్టు కాస్త వంకరే. అంచు దగ్గర మాత్రం గుడ్డ రెండు పొరలై లావుగా కనపడుతుంది.

"చూశావా, ఎంత మడత వదిలిందో. నేను చెప్పలేదు. నా పిల్ల తనంతట తనే వదిలింది."