అర గరిటె తక్కువ

గరిటె చేతిలో ఉంటే ఆమెకి తూకంరాళ్ళు అక్కర్లేదు. ఆసుపత్రిలో రోగులకి ఏం పెట్టాలో ఎంత పెట్టాలో చెప్పే ఉద్యోగం ఆమెది. ఇన్నేళ్ళుగా పళ్ళేలు చూసి చూసి, ఎంత అన్నం పడితే ఎంత బలమో ఆమె మణికట్టుకే తెలిసిపోయింది. బాలింతకి ఇంత, ఆపరేషన్ అయినవాడికి ఇంత, ఎదిగే పిల్లకి ఇంత. అక్కడి డాక్టర్లు ఆమెని 'పథ్యం మేడం' అంటారు. వాళ్ళలో ఎవరైనా రిటైరైతే విందు ఏర్పాట్లన్నీ 'మేడం చూసుకుంటారు, ఇలాంటివి ఆడవాళ్ళకి తెలిసినట్టు మనకేం తెలుస్తాయి' అని ఆమె నెత్తిన పెడతారు. ఆమె నవ్వి చూసుకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి అదే మణికట్టుతో ఇంట్లోవాళ్ళకి వడ్డిస్తుంది. భర్తకి నిండుగా, అత్తగారికి మెత్తగా, కూతురికి అర గరిటె తక్కువగా. అందరూ లేచాక తను వంటింటి గట్టు దగ్గర నిలబడి, గిన్నె అడుగున మిగిలింది గీరుకుని తినేస్తుంది.

ఆ అర గరిటె సంగతి తనకి తప్ప ఎవరికీ తెలియదనే అనుకుంటూ వచ్చింది. నిజానికి తనకి కూడా తెలియనట్టే మసలుకుంది, ఆ ఆదివారం పడవ చూడ్డానికి వెళ్ళేదాకా.

కూతురికి పదిహేనేళ్ళు. ఇంట్లో అందరికీ పిట్ట. చిన్నప్పట్నించీ సెయిలింగ్ క్లబ్బువాళ్ళ పాత పడవ నడిపి నడిపి, ఇప్పుడు ఆ పడవని మించిపోయింది. సొంత పడవ ఒకటి కొనాలని ఆర్నెల్లుగా ఇంట్లో ఒకటే చర్చ. చర్చంతా భర్తదే. ఆయన రోడ్ల ఇంజనీరు, జన్మలో తెరచాప తాడు పట్టుకున్న మనిషి కాదు, కానీ కంప్యూటర్లో చదివి చదివి ప్రపంచంలోని పడవలన్నీ ఆయనకి చుట్టాలైపోయాయి. వెడల్పుగా, కుదురుగా ఉండే నెమ్మది పడవ ఒకటి, ఇద్దరెక్కే పడవ ఒకటి ఆయనకి నచ్చాయి. పిట్టకి నచ్చింది మాత్రం మూడోది. సన్నగా, తేలిగ్గా, పెద్ద తెరచాపతో, ఒక్కరే నడిపేది. గాలి అందుకుంటే నీటిమీద ఆనీ ఆననట్టు పోతుంది. దాని ఫొటో పిట్ట చదువుకునే బల్ల ముందు గోడకి అంటించి ఉంది.

"ఎక్కి చూడకుండా పడవ కొనకండి" అంది క్లబ్బు కోచ్ ఆ ఆదివారం పొద్దున. యాభై దాటిన మనిషి, ఎండకి కమిలిన ముఖం, మాటలో నాన్చుడు లేదు. ఆవిడ మాట మీద పిట్ట లైఫ్ జాకెట్ బిగించుకుని ఆ సన్న పడవెక్కింది.

ఆమె ఒడ్డు మీద నిలబడి చూస్తోంది. పిట్ట పాదాలు పడవలో బిగించిన పట్టీలో దూర్చి, ఒళ్ళంతా నీళ్ళ మీదకి వాల్చి, చుక్కాని కర్ర ఒక చేత్తో తాడు ఒక చేత్తో పట్టుకుని దూసుకుపోతుంటే, ఇది నా కడుపున పుట్టిన పిల్లేనా అనిపించింది. అంతలో గాలి ఒక్క ఊపు ఊపింది. పిల్ల ఎంత వెనక్కి వాలినా పడవ ఆగలేదు, బోల్తా పడింది.

బోల్తా పడటం వాళ్ళకి మామూలే. పడవ అడుగున నీళ్ళలోకి దిగే పలక ఒకటుంటుంది. దానిమీద నిలబడి, అంచు పట్టుకుని వెనక్కి వాలితే మనిషి బరువుకి పడవ లేస్తుంది. పిట్ట చకచకా ఈదుకుంటూ వెళ్ళి పలకెక్కింది, వాలింది. నీళ్ళు నిండిన తెరచాప కాస్త పైకి లేచి మళ్ళీ మునిగింది. పిట్ట ఇంకా వాలింది. పలక మీద ఎగిరింది కూడా. పడవ లేవలేదు. చివరికి కోచ్ మోటారు పడవలో వెళ్ళి తెరచాప కొయ్యకి చెయ్యిస్తే అప్పుడు లేచింది.

"ఒడుపుంది పిల్లకి. ఒళ్ళు లేదు" అంది కోచ్ ఒడ్డుకొచ్చాక. "ఒంటరిగా నడిపే పడవలో మనిషే బరువండీ. గాలి ఒక పక్కకి తోస్తుంటే రెండో పక్క ఆపాల్సింది ఆ ఒళ్ళే, పడితే లేపాల్సిందీ ఆ ఒళ్ళే. ప్రతిసారీ నేను పక్కనుండను కదా." ఆవిడ తల్లివైపు తిరిగింది. "ఏం తింటుందండీ మీ అమ్మాయి?"

"బాగానే తింటుందండీ" అంది ఆమె. అక్కడితో ఆగినా పోయేది. "ఎంత తిన్నా ఒంటపట్టదు" అని కూడా అంది.

తల తుడుచుకుంటున్న పిట్ట తువ్వాలు తీసి తల్లి ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత వంగి బూట్లు విప్పుకోసాగింది.

కోచ్ దారి కూడా చెప్పింది. ఇదే పడవకి చిన్న తెరచాప దొరుకుతుంది. ఈ ఏడాది దాంతో నడిపి, ఒళ్ళు పట్టాక పెద్దది కట్టుకోవచ్చు. అయితే ఒళ్ళు పట్టాలి, అది ఇంట్లో జరగాల్సిన పని. ఆ నమ్మకం లేకపోతే వెడల్పు పడవే నయం. "దీన్ని వేరేవాళ్ళు కూడా అడుగుతున్నారు. ఈ రోజు చీకటి పడేలోగా ఏదో ఒకటి చెప్పండి" అంది.

కార్లో భర్త హుషారుగా ఉన్నాడు. "నేను ముందే చెప్పలా? దాని ఒళ్ళే అంత. అన్నీ మీవైపు పోలికలు. ఇద్దరెక్కే పడవ కొందాం. చుక్కాని నేను పట్టుకుంటా, అది తాళ్ళు లాగుతుంది. బరువుకి బరువు, తోడుకి తోడు."

"సరే నాన్నా" అంది పిట్ట కిటికీలోంచి చూస్తూ.

ఆ 'సరే' ఆమెకి ముల్లులా దిగింది. ఇంటికొచ్చి అన్నానికి నీళ్ళు పెడుతున్నా అదే మాట చెవుల్లో తిరుగుతోంది. ఎప్పుడు మొదలుపెట్టింది తను ఈ పని? పిల్లకి పన్నెండు నిండిన ఏడు, స్కూలు చొక్కా గుండెల దగ్గర బిగుతైతే తను కుట్లు విప్పుతోంది. అత్తగారు చూసి "పిల్ల ఒళ్ళు చేస్తోందమ్మాయ్, కాస్త చూసి పెట్టు. ఆడపిల్ల ఒకసారి ఒళ్ళు చేసిందంటే మళ్ళీ తగ్గదు" అంది. ఆ సాయంత్రమే భర్త "మా పిట్ట ఏనుగుపిల్ల అవుతోందే" అని నవ్వాడు. పిట్ట కూడా నవ్వింది. నవ్వుతూనే చొక్కా కిందకి లాక్కుంది. ఆ లాక్కోవడం ఆమె చూసింది. ఇంకెప్పుడూ ఎవరూ తన పిల్లని ఆ మాట అనకూడదనుకుంది. అనేవాళ్ళ నోరు మూయించాలని తోచలేదు, పిల్ల నోరు కట్టేసింది. రెండుమూడు రోజులయ్యాక పిట్ట కంచం ముందుకి జరిపి "అమ్మా, ఇంకొంచెం" అంటే, "చాల్లే, రాత్రిపూట ఎక్కువ తినకూడదు" అంది. అంతే, పిల్ల మళ్ళీ అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టని అమ్మ గురించి సామెత కట్టడం ఎవరికీ తోచినట్టు లేదు.

పోనీ తెలియక చేసిందా అంటే, ఊళ్ళో పిల్లలందరికీ ఎంత తిండి కావాలో చెప్పి జీతం తీసుకునేది ఆమే. మొన్నటికి మొన్న, స్కూల్లో కళ్ళు తిరిగి పడిపోయిన పిల్ల తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి "ఎదిగే పిల్ల కడుపు మాడుస్తారా ఎవరైనా?" అని అందరి ముందూ కడిగేసింది. ఆ తల్లి తల వంచుకుని కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టైంది తన బతుకు. తప్పు అత్తగారి మీదకి తోద్దామని చూసింది, భర్త మీదకి తోద్దామని చూసింది. ఎటు తోసినా గరిటె తన చేతిలోనే కనిపిస్తోంది. పైగా ఎవరైనా "మీ అమ్మాయి మెరుపుతీగలా ఉందండీ" అంటే తను లోపల్లోపల పొంగిపోయేది. అది గుర్తొచ్చినప్పుడు ఆమెకి స్టవ్ ముందు నిలబడలేనంత సిగ్గేసింది. కంచే చేను మేసింది, మేసి మెచ్చుకోలు కూడా అందుకుంది.

ఆ సాయంత్రం అందరూ కాస్త పెందరాళే కంచాల ముందు కూర్చున్నారు. కిటికీలో ఇంకా వెలుగుంది. భర్త ఇద్దరెక్కే పడవ గురించి వాళ్ళమ్మకి వివరిస్తున్నాడు.

"అదే మంచిదిరా" అంది అత్తగారు. "ఆడపిల్ల నీళ్ళ మీద ఒక్కత్తీ ఏంటి? తోడుండాలి."

ఆమె భర్తకి వడ్డించింది, అత్తగారికి వడ్డించింది. పిట్ట దగ్గరకొచ్చి ఎప్పటిలా వేసింది. తర్వాత ఇంకో గరిటె నిండుగా తీసింది. పిట్ట కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలమ్మా. నీకుండదు."

"ఉందే, గిన్నె నిండా ఉంది చూడు."

"రోజూ గిన్నె గీరుకుని తింటావుగా, చూస్తూనే ఉన్నాను" అంది పిట్ట మామూలుగా, తెలిసిన సంగతి చెబుతున్నట్టు. "నాకు తగ్గించి వేస్తావు, అయినా నీకు మిగలదు. ఇంట్లో అందరికీ సరిపోవట్లేదనుకున్నా. అందుకే అడగడం మానేశా."

పిల్లకి తెలుసు. అర గరిటె తెలుసు, గీరుడు తెలుసు, ఒడ్డున తల్లి ఆడిన అబద్ధం కూడా తెలుసు. తెలిసి, తల్లి కోసం తన ఆకలి చంపుకుంది. ఇప్పుడు "అవునమ్మా, సరిపోలేదు" అనేస్తే చాలు. మంచి తల్లిగానే మిగిలిపోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"సరిపోకపోవడం కాదు" అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అన్నం ఎప్పుడూ ఉంది. నువ్వు లావైతే అందరూ మాటలంటారని నేనే తగ్గించాను. నీ చొక్కా బిగుతైనప్పట్నించీ."

భర్త ముద్ద మధ్యలో ఆపాడు. అత్తగారు "నేనేదో మాటవరసకి అన్నానమ్మాయ్" అంది, ఎవరూ అడక్కుండానే.

"మీరు అన్నారత్తయ్యా. వడ్డించింది నేను."

"ఇప్పుడివన్నీ ఎందుకోయ్" అన్నాడు భర్త. "పడవ సంగతి తేలిపోయింది కదా."

"తేల్లేదండీ" అంటూ ఆమె గరిటె గిన్నెలో పెట్టి, ఫోను తీసి కోచ్‌కి చేసింది. బయటికెళ్ళలేదు, గొంతు తగ్గించలేదు. "పొద్దున మీకు అబద్ధం చెప్పానండీ. మా అమ్మాయి బాగా తినదు, నేను పెట్టలేదు. ఇకమీదట పెడతాను. ఒక్కరెక్కే పడవ మాకే ఉంచండి, చిన్న తెరచాపతో." అవతల కోచ్ ఏం అందో ఎవరికీ వినపడలేదు. "అవునండీ, నేనే" అని ఆమె ఫోను పెట్టేసింది.

పిట్ట ముఖం ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి జాలితో వచ్చినవి కావని తల్లికి తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ళు తల్లి కోసం ఓర్చుకున్నాననుకున్న ఆకలి ఎవరికీ పనికిరానిదని పిల్లకి ఇప్పుడే తెలిసింది. ఆమె క్షమించమని అడగబోయి ఆగిపోయింది. అడిగితే పిల్ల ఎప్పటిలాగే 'సరే' అంటుంది. ఆ 'సరే' ఆమెకి వద్దు.

గరిటె మళ్ళీ తీసింది. పిట్ట చెయ్యి కంచం మీదనుంచి కదల్లేదు.

"ముందు నువ్వు కూర్చో" అంది పిట్ట. ఆ గొంతులో మెత్తదనం లేదు. నీళ్ళ మీద ఎదురొచ్చే పడవని తప్పుకోమని అరిచేటప్పటి గొంతు అది. "కూర్చుని పెట్టుకో. నిండా."

ఆమె వంటింట్లోంచి ఇంకో కంచం తెచ్చుకుంది. గోడవారనున్న కుర్చీ మీద భర్త పేపర్లు, ఆయన పడవల బొమ్మలు ఉంటే తీసి నేలమీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూతురికి ఎదురుగా కూర్చుంది. ఆసుపత్రిలో నీరసంతో చేరిన మనిషికి ఎంత పెట్టమని రాస్తుందో అంతా తన కంచంలో వడ్డించుకుంది. కూతురు చూస్తూ ఉంది. ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది.

అప్పుడు పిట్ట కంచం మీంచి చెయ్యి తీసింది.